టీ పెట్టని మనిషి

హ్యూన్ లోయ,
మార్చి, 1984.

చిరంజీవి ఫెర్గస్‌కు,

అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ మేమందరం క్షేమం, మన నడక సంఘం క్లెమ్ కాలు తప్ప. అదీ అతుక్కుంటోందని డాక్టరు చెప్పాడట. అక్కడ నువ్వూ, నీతో ఉన్నవాళ్లూ ఒంట్లో బాగుండి, ఒకరి మొహం ఒకరు చూసి విసుక్కోకుండా ఉన్నారని అనుకుంటున్నాను. ఇవాళ సాయంత్రం హోబార్ట్ రేవు నుంచి ఓడ బయలుదేరుతుంది. చలికాలం ముందు మీ మంచుఖండానికి వచ్చే ఓడల్లో ఇదే ఆఖరిది. ఆ తర్వాత సముద్రం గడ్డకట్టిపోతుంది, మళ్లీ ఎండాకాలం వచ్చేదాకా ఉత్తరమనేది ఉండదు. అందుకని ఆపిల్ కోతలు ముమ్మరంగా సాగుతున్నా, షెడ్డులో వాళ్లని వాళ్ల ఖర్మానికి వదిలేసి వచ్చి వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను.

నీ ఉత్తరంలో అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. కాక్స్ ఆపిళ్లు ఈ ఏడు చిన్నవే కాశాయి గానీ రంగు బాగుంది. ఒక పెట్టె నిండా ఏరి, ఒక్కోదాన్నీ కాగితంలో చుట్టి ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను. మీ వంటవాడి కంట పడనీయకు. పోయినసారి వాడు వాటితో జామ్ చేశాడని రాశావు, అది చదివి నేను వాణ్ని తిట్టిన తిట్లు మీ దాకా వినబడే ఉంటాయి. బింటీ చెవి పుండు మానింది. కుక్కకి మందు రాయాలంటే ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చేది, కోడలు పిల్ల లీసెల్ ముందు కాళ్లు, నేను వెనక కాళ్లు. షెడ్డు పైకప్పు రేకు మార్పించాను. నా మోకాలి నొప్పి సంగతి అడిగావు. అది నన్నూ వదలదు, నేను దాన్నీ వదలను, అలా కాపురం చేస్తున్నాం.

ఇక నువ్వు అడిగిన అసలు ప్రశ్న మిగిలింది. "అమ్మా, లీసెల్‌కి అంత దిక్కు తేడా ఎలా వచ్చింది? పటం ఉంది, కంపాస్ ఉంది, నువ్వు నేర్పిన పిల్ల. ఎంత ఆలోచించినా నాకు లెక్క కుదరట్లేదు" అని రాశావు. నువ్వు చిన్నప్పటి నుంచీ అంతే, లెక్క కుదరకపోతే నీకు నిద్రపట్టదు. ఆ వాక్యం దగ్గర చదవడం ఆపేశాను. ఉత్తరం మడిచి అల్మారాలో చక్కెర డబ్బా వెనక పెట్టేశాను. వారమంతా టీలో చక్కెర లేకుండా తాగాను, ఆ డబ్బా తీయడానికి మొహం చెల్లక.

కొంచెం ఓపికపట్టు నాయనా. చెబుతాను. నా పద్ధతిలో చెప్పనీ.

నువ్వు ఓడెక్కిన మర్నాడే లీసెల్ నా దగ్గరికి వచ్చింది. "అత్తయ్యా, నాకు దారి పట్టడం నేర్పండి. ఫెర్గస్ తిరిగొచ్చాక ఇద్దరం నైరుతి అడవుల్లోకి వెళ్తాం కదా. నేను ఆయన వెనక మూటలాగా నడవను. సగం దారి ఆయన చూపిస్తే సగం నేను చూపిస్తా" అంది. నేను నవ్వాను. "మీ బరోసాలో నేల మీద నిమ్మకాయ పెడితే అక్కడే ఉంటుందట. ద్రాక్షతోట వరసల మధ్య పెరిగినదానివి, నీకు కొండ గుర్తులు ఏం తెలుస్తాయి?" అన్నాను. ఆ పిల్ల ఉడుక్కోలేదు. "అందుకేగా మీ దగ్గరికొచ్చా. తెలిస్తే మీతో నాకేం పని?" అంది. నోరు మూయించింది చూడు.

నేర్చుకోవడం మాత్రం ఆకలిగా నేర్చుకుంది. అబద్ధమెందుకు, నువ్వు కూడా అంత త్వరగా పట్టుకోలేదు. పటం మీద ఎత్తు గీతలు దగ్గరదగ్గరగా ఉంటే నిట్టనిలువు, ఎడంగా ఉంటే చదును అని చెప్పిన రోజునే మన తోట వెనక గుట్టని చూసి కాగితం మీద గీతలు గీసి చూపించింది. ఇక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరాన ఉంటాడనీ, కొండ వెన్ను మీద చెట్లన్నీ పడమటి గాలికి వంగి తూర్పుకి కొమ్మలు చాస్తాయనీ చెప్పాను. దిక్సూచి పోయినా ఆ చెట్లు ఉంటాయి, అవి అబద్ధమాడవు అని నేనే అన్నాను. ఆ మాట తర్వాత నాకే తగిలింది.

అన్నిటికంటే ముందు నేర్పింది మాత్రం, నీకు నేర్పినదే. అడుగేసే ముందు, తర్వాత ఏం కనబడాలో పైకి చెప్పు. కనబడితే నడువు. కనబడకపోతే ఆగు. మన నడక సంఘంలో ఆ ఆగడానికి ఉన్న మర్యాద నీకు తెలియనిది కాదు. ముందు నడిచేవాళ్లకి అనుమానం వస్తే "టీ పెడదాం" అనాలి. అంతే. అందరూ మూటలు దించి కూర్చోవాలి, నీళ్లు కాచాలి, పటం మధ్యలో పరవాలి, ఎవరూ ఎగతాళి చేయకూడదు. దారి తప్పానని నోరు విప్పి చెప్పక్కర్లేదు, టీ అంటే చాలు. ఎంతమంది ప్రాణాలు ఆ టీ కాపాడిందో. అయినా మన సంఘంలో ఒకే ఒక్క మనిషి ఇన్నేళ్లలో ఒక్కసారీ టీ పెట్టలేదు. "ఊనా టీ పెట్టదు" అని బెరిల్ కొత్తవాళ్లకి చెబుతుంటే నేను బూట్ల తాళ్లు కట్టుకుంటున్నట్టు తల వంచుకుని లోలోపల మురిసిపోయేదాన్ని.

నేను స్కాట్లండ్ వెళ్లి మన పూర్వీకుల ఊరు చూసొచ్చినప్పుడు అక్కడ ఒక దిక్సూచి కొన్నానుగా. ఇత్తడి మూత, తోలు సంచి, లోపల ఎర్రముల్లు. దాన్ని మెళ్లో వేసుకుని ఊరేగాను. నువ్వు ఓడెక్కే హడావిడిలో సరిగ్గా చూడలేదు గానీ, చూసుంటే ఆ రోజే చెప్పేవాడివేమో. లీసెల్ చెప్పింది. తోటలో నేర్పుతుండగా ఒకరోజు అది చేతిలోకి తీసుకుని, "అత్తయ్యా, ఈ ముల్లు ఎక్కడో పట్టేస్తోంది. నాకు సంఘం ఇచ్చిన చవక కంపాస్‌లో గిరగిరా తిరుగుతుంది, దీంట్లో మొండికేస్తోంది" అంది. "మంచి సరుకు నిదానంగానే తిరుగుతుంది. చవక సరుకే గంతులేస్తుంది" అన్నాను. తను దాన్ని మూతపెట్టి నా చేతికిచ్చేసింది. అత్తని కదా, ఇంకేం అంటుంది?

డిసెంబరులో లీసెల్‌కి పరీక్ష నడక పెట్టారు. పీఠభూమి మీద గుడిసె నుంచి బయలుదేరి, కొండ వెన్ను పట్టుకుని నేరుగా ఉత్తరానికి నడిచి, కనుమ దగ్గర దిగిపోవాలి. బాట లేదు. ముందు లీసెల్, పరీక్ష చూసేదాన్ని నేను, వెనక క్లెమ్, మరో ఇద్దరు కొత్తవాళ్లు. పరీక్ష చూసేవాళ్లు నోరెత్తకూడదు. అది సంఘం నియమం. రాసినదాన్ని నేనే.

కొంత దూరం వెళ్లాక పొగమంచు కమ్మేసింది. మన కొండల మీద మంచు ఎలా వస్తుందో నీకు చెప్పాలా, ముందున్న మనిషి వీపు కూడా కరిగిపోతుంది. లీసెల్ పటం చూసుకుని, గొంతు పెంచి, "తర్వాత ఎడమ పక్క జంట మడుగులు కనబడాలి" అని చెప్పింది. నడిచాం. ఆ పిల్ల నిదానంగా, పది అడుగులకొకసారి ఆగి చూసుకుంటూ నడుస్తోంది. వెనక క్లెమ్ కీళ్లు పట్టేశాయని గొణుగుతున్నాడు. నాకు చలేసింది, విసుగొచ్చింది. నా ఇత్తడి దిక్సూచి తీసి చూశాను. లీసెల్ పోతున్న దిక్కుకీ, నా ముల్లు చెప్పే దిక్కుకీ పొత్తు కుదరలేదు.

నేను నోరెత్తకూడదు కదా. ఎత్తాను. వెనకవాళ్లకి వినబడకుండా ముందుకి పోయి, ఆ పిల్ల మోచెయ్యి పట్టుకుని, "ఏమిటా నడక? నువ్వు పడమటికి జరిగిపోతున్నావు. కుడికి తిరుగు" అన్నాను.

"లేదత్తయ్యా, నా ముల్లు బాగానే ఉంది."

"నీ ముల్లు బొమ్మల దుకాణం ముల్లు. నే చెప్పినట్టు నడువు."

నడిచింది. పాపం, నేను పరీక్ష చూసేదాన్ని, గురువుని, అత్తని, ఇన్నీ ఒకేసారి. ఏం చేస్తుంది? నేను ఆమె పక్కనే, నా దిక్సూచి చూస్తూ, ఇంకొంచెం కుడికి, ఇంకొంచెం అంటూ. జంట మడుగులు రాలేదు. వాలు మొదలైంది. లీసెల్ ఆగింది. పక్కనున్న వంగిన చెట్టు చూపించి, గొంతు తగ్గించి అంది:

"అత్తయ్యా, ఆ కొమ్మలు చూడండి. ఉత్తరానికి పోతుంటే అవి మన కుడి చేతి వైపు ఉండాలి కదా. ఇప్పుడు మన ముందుకి చూపిస్తున్నాయి. మనం తూర్పుకి పోతున్నాం. మడుగులు కూడా రాలేదు." మూట పట్టీ వదులు చేస్తూ, "టీ పెడదామా?" అంది.

ఫెర్గస్, ఆ మాటకి నాకు ఎంత మండిందో చెప్పలేను. నన్ను టీ పెట్టమంటుందా? నిన్నగాక మొన్న ఎత్తు గీతలు నేర్చుకున్న పిల్ల! "టీ నీకు కావాలంటే ఇంటికెళ్లి పెట్టుకో. నేను ఈ కొండ మీద నడవడం మొదలుపెట్టేనాటికి నువ్వు పుట్టలేదు" అన్నాను. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకుని నడిచింది.

ఆ వాలు కింద మనకి తెలిసిన తూర్పు లోయ. పొదలు ఒకదాని మీద ఒకటి పడి అల్లుకుపోయి, వాటి పైన నడుస్తున్నామో నేల మీద నడుస్తున్నామో తెలియదు. క్లెమ్ వాటి మీంచి జారి, అడుగున రాళ్ల మీద పడ్డాడు. వాడు అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. కాలు రెండు చోట్ల విరిగింది. అరవై దాటినవాడు.

అప్పుడు సాయం తెచ్చింది ఎవరనుకున్నావు? నేను కాదు. నేను క్లెమ్ తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. లీసెల్ తన బొమ్మల దుకాణం దిక్సూచి పట్టుకుని, ఒంటరిగా, ఆ మంచులో మళ్లీ కొండ వెన్ను ఎక్కింది. చెట్ల కొమ్మలని చేతులతో తడిమి చూసుకుంటూ, మడుగులు దొరకబుచ్చుకుని, కనుమ దిగి, రోడ్డు దాకా పోయి, తెల్లారేసరికి మనుషుల్ని తీసుకొచ్చింది. క్లెమ్‌ని స్ట్రెచర్ మీద మోసుకుపోతుంటే తనూ ఒక కొస పట్టింది. అరచేతులు రెండూ చీరుకుపోయి ఉన్నాయి.

రోడ్డు మీద బెరిల్ ఎదురొచ్చింది. మన అధ్యక్షురాలు కదా, అడగాల్సిందే అడిగింది. "ఆ దిక్కు ఎవరు చెప్పారు?"

లీసెల్ నా వైపు చూసింది.

నేను నా బూట్ల వైపు చూశాను.

"ముందు నడిచింది నేనే" అంది లీసెల్. అబద్ధం కాదు, నిజమూ కాదు. ఆ రెండిటి మధ్య ఆ పిల్ల నాకు ఒక సందు వదిలింది, ఇప్పుడైనా నోరు విప్పుతానేమోనని. నేను విప్పలేదు.

ఇదీ నువ్వడిగిన లెక్క. ఇప్పుడు కుదిరిందా నాయనా?

ఇంకా ఉంది. ఆ రోజు నాకు నిజంగా తెలియదు, పొరపాటు, అని చెప్పుకుని తప్పించుకుందామంటే ఆ వీలు కూడా లేదు. ఇంటికొచ్చిన వారంలో షెడ్డులో చెక్క బల్ల మీద రెండు దిక్సూచీలూ పక్కపక్కన పెట్టాను. లీసెల్‌ది గిరగిరా తిరిగి ఉత్తరం చూపించింది. నాది, నేను బల్ల చుట్టూ తిరిగితే నాతోపాటే తిరిగింది. ఎటు తిప్పితే అటే ఉత్తరమంది. కాస్త పక్కకి వంచితే ముల్లు లేచి సరైన దిక్కు చూపించింది, తిన్నగా పెడితే మళ్లీ పట్టేసింది. అప్పుడు అర్థమైంది. భూమికి ఆ కొసన వాడుకునేందుకు తూకం వేసిన ముల్లది. ఈ కొసకి తెస్తే దక్షిణపు మొన కిందికి లాగి, అడుగుకి రాసుకుని ఆగిపోతుంది. అక్కడి దుకాణంవాడి తప్పు లేదు. ఎక్కడి నుంచి వచ్చానో వాడు అడగలేదు, నేను చెప్పలేదు. ఇక్కడ పుట్టి పెరిగి, ఇంతమందికి నేర్పినదాన్ని, నాకే తట్టాలి. ఆ ముల్లు నా గొప్పని చూపించింది తప్ప ఉత్తరాన్ని కాదు.

అదంతా తెలిశాకే జనవరి ఓడకి నీకు ఉత్తరం రాశాను. "లీసెల్ తొందరపడి దారి తప్పించింది, పాపం క్లెమ్ కాలు విరిగింది, నేను ఎంత చెప్పినా వినలేదు" అని. ఎంత చెప్పినా వినలేదు! చేతులెలా వచ్చాయిరా నాకు? ఆ వాక్యం రాసి, బాగా కుదిరిందా అని మళ్లీ చదువుకున్నాను కూడా.

ఎందుకు రాశావు అంటావు. చెబుతాను, సిగ్గు విడిచి. నువ్వు పదేళ్లవాడివి అయినప్పటి నుంచీ నైరుతి అడవులకి నాతో వెళ్లేవాడివి. మీ నాన్న పోయాక మనిద్దరమే. ఇప్పుడు ఆమెతో వెళ్తానన్నావు. వెళ్లాలి, పెళ్లాంతో కాక ముసలి తల్లితో వెళ్తావా? బుర్రకి తెలుసు. కడుపులో మాత్రం కుళ్లు. ఆ పిల్ల త్వరగా నేర్చుకుంటున్నకొద్దీ ఆ కుళ్లు పెరిగింది. నా కొండ మీద, నా కొడుకు ముందు, నేను తప్పు చేసినదాన్నని తెలిస్తే ఇంక నాకేం మిగులుతుంది అనిపించింది. అంత చిన్నబుద్ధి నాది.

నీ జవాబు ఫిబ్రవరి ఓడలో వచ్చింది. నాకొకటి, ఆమెకొకటి. ఆమెది ఈ బల్ల దగ్గరే చదువుకుంది. నేను గిన్నెలు తోముతున్నట్టు నటిస్తూ చూశాను. మడిచింది. లేచి వెళ్లి, తన గది గోడకి తగిలించుకున్న నైరుతి పటం తీసి చుట్టేసింది. మేకులు ఒక్కోటీ తీసి డబ్బాలో వేస్తున్న చప్పుడు వినబడింది. తర్వాత వచ్చి తన దిక్సూచి నా ముందు పెట్టి, "ఇది సంఘానిది, ఇచ్చేయండి" అంది.

"ఏమన్నాడు?" అన్నాను.

"బాట ఉన్న చోటికే వెళ్లమన్నాడు. నైరుతికి తన స్నేహితుడితో వెళ్తాడట. నన్ను ప్రమాదంలో పెట్టలేడట." గొంతు మామూలుగానే ఉంది. "మంచి మాటలే రాశాడు. దానికే ఏడుపొస్తోంది."

ఇక ఉండబట్టలేక అడిగాను. "అసలు సంగతి వాడికి ఎందుకు రాయలేదే?"

ఆ పిల్ల నన్ను అంతసేపు తేరిపార చూడటం అదే మొదటిసారి. "నేను రాస్తే ఏమవుతుంది? మీ మాట ఒకవైపు, నా మాట ఒకవైపు. అక్కడ నెలల తరబడి చీకట్లో కూర్చుని ఆయన అదే నమలాలి. అమ్మ అబద్ధమాడిందా, పెళ్లాం అబద్ధమాడిందా అని. అది ఆయన నెత్తిన నేనెందుకు పెట్టాలి? పెట్టేదేమైనా ఉంటే మీరే పెట్టండి, అత్తయ్యా."

మూడు నెలలు నాతో ఒకే బల్ల మీద తిండి తింది, నా మోకాలికి నూనె రాసింది, కుక్క ముందు కాళ్లు పట్టుకుంది. ఒక్క మాట అనలేదు. నేనేమో, తను మరిచిపోయి ఉంటుందిలే అనుకుంటూ వచ్చాను.

మొన్న మంగళవారం సంఘం సమావేశానికి వెళ్లాను. లీసెల్ రానంది. కొండ మీద టీ కాచుకునే మన మసిపట్టిన డబ్బా తీసుకెళ్లి బల్ల మధ్యలో పెట్టి, "నేను టీ పెడుతున్నాను" అన్నాను.

బెరిల్ పగలబడి నవ్వింది. "ఏమే ఊనా, హాల్లో కూడా దారి తప్పావా?" అంది.

"తప్పాను. డిసెంబరులో" అని, నీకు పైన రాసినదంతా చెప్పాను. ఇత్తడి దిక్సూచి అందరి చేతికీ ఇచ్చాను. తిప్పి చూశారు. నవ్వు ఆగిపోయింది. బెరిల్ నా కళ్లలోకి చూడలేక కిటికీ వైపు తిరిగింది. అంతకంటే తిడితే బాగుండుననిపించింది.

క్లెమ్ కర్రల మీద వచ్చాడు. వాడు తిట్టడు, నలభై ఏళ్ల స్నేహం, పోనీలే ఊనా అంటాడు, అని ఎక్కడో మూల ఆశపడ్డాను. వాడు నెమ్మదిగా లేచి నిలబడ్డాడు.

"కాలు విరిగింది, సరే. కొండ ఎక్కేవాడికి కాలు విరగదా?" అన్నాడు. "ఆ పిల్ల రోజూ ఆస్పత్రికి సూప్ తెచ్చేది ఊనా. మంచం పక్కన పెట్టి, ఎలా ఉంది అంకుల్ అనేది. నేను గోడ వైపు తిరిగి పడుకునేవాణ్ని. ఒకరోజు నర్సు ముందరే, నీ సూప్ నువ్వే తాగు అన్నాను. నన్ను మోసుకొచ్చిన పిల్లని! ఆ పని నా చేత చేయించావు నువ్వు. కాలు అతుక్కుంటుంది. ఇది ఎలా అతుక్కుంటుందో నువ్వే చెప్పు."

నా కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోవడానికి కూడా అర్హత లేనట్టు నిలబడ్డాను. నీళ్లు కాగాయి. ఎవరో కప్పుల్లో పోశారు. మన నియమం ప్రకారం ఎవరూ ఎగతాళి చేయలేదు. అందరూ తాగారు, క్లెమ్ తప్ప.

ఇక మీదట నేను ఎవరికీ నేర్పకూడదని తీర్మానించారు. చేయెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను. లీసెల్ పరీక్ష పాసయిందని రాశారు, ఆ మంచులో ఒంటరిగా పోయి మనుషుల్ని తెచ్చినదానికంటే పెద్ద పరీక్ష ఏముందని. బెరిల్ తనే కారులో వచ్చి, గుమ్మంలో నిలబడి ఆ మాట లీసెల్‌కి చెప్పి, దిక్సూచి చేతికిచ్చి వెళ్లింది. క్లెమ్ తన తోటలోని గులాబీలు పంపాడు. వాటిలో చీటీ ఉందో లేదో నేను అడగలేదు. నాకు చెప్పలేదు.

రేడియో ఫోన్‌లో నీతో చెబుదామంటే మీ స్టేషనంతా వింటుంది. వినాల్సిందేనేమో, కానీ నీకు తలవంపులని ఊరుకున్నాను. టెలిగ్రామ్ నాలుగు మాటల్లో ఇది ఇమడదు. అందుకే ఈ ఉత్తరం. ఈ ఓడకి అందకపోతే చలికాలమంతా నువ్వు నీ పెళ్లాం చేతగానిదని నమ్ముతూ, ఆమె ఆ నమ్మకాన్ని మోస్తూ, మధ్యలో నేను ఆపిళ్లు ఏరుకుంటూ ఉంటాం. అది నావల్ల కాదు. ఇన్నాళ్లూ అయింది కదా అంటావేమో. అను. నువ్వేమన్నా పడతాను.

నువ్వు చేయాల్సింది ఒకటే. ఇది చదివిన రోజే లీసెల్‌కి టెలిగ్రామ్ కొట్టు. నాకు కాదు, ఆమెకి. నైరుతికి ఆమెతోనే వెళ్తానని చెప్పు. సగం దారి కాదు, మొత్తం ఆమెనే చూపించమని అడుగు. నీకంటే బాగా చూపిస్తుంది, రాసిపెట్టుకో. నా మీద కోపం నీ ఇష్టం వచ్చినంత కాలం ఉంచుకో. అమ్మ ముసలిదైపోతోంది కదా అని తొందరపడి తీసేయకు.

ఇత్తడి దిక్సూచి కూడా ఆపిల్ పెట్టెలోనే, అడుగున పెట్టాను. మీ దగ్గర అది ఇక్కడికంటే ఎక్కువ మొరాయిస్తుంది. ఎవరికీ వాడటానికి ఇవ్వకు. నీ బల్ల మీద పెట్టుకో. ఎవరైనా మరీ గట్టిగా, ఇదే ఉత్తరమని నీతో వాదిస్తే, అది నేనైనా సరే, ఒకసారి దాన్ని వంచి చూడు.

ఇంతవరకూ రాసి, ఉత్తరాన్ని లీసెల్ ముందు పెట్టాను. ఆమె గురించి రాసినది ఆమె చూడకుండా ఇంకోసారి ఓడెక్కకూడదని. రొట్టెలు కాలుస్తోంది. చేతులు కడుక్కుని, పెన్సిల్ చెవి వెనక పెట్టుకుని, నిలబడే చదివింది. చాలాసేపు పట్టింది. నేను బింటీ చెవి చూస్తున్నట్టు నటించాను. ముందు ఒక చోట కింద గీత గీసి, "ఈ మడుగులు పడమటి వాలులో కాదు, వెన్ను మీదే ఉన్నాయి. మీరు ఎక్కడా తప్పు రాయలేదు గానీ చదివేవాళ్లకి అలా అనిపిస్తుంది. ఫెర్గస్‌కి తెలుసులెండి" అంది. తర్వాత ఆఖరి పేజీకి వచ్చింది. అక్కడ నేను ఒక వాక్యం రాశాను, "లీసెల్ పెద్ద మనసుతో నన్ను క్షమించేసింది" అని. దాని దగ్గర ఆగిపోయింది.

"ఇది ఎవరు చెప్పారు మీకు?" అంది.

"మరి... గులాబీలు నీళ్లల్లో పెట్టావు, నవ్వావు, అందుకని..."

"గులాబీలు క్లెమ్‌వి" అంది. "నేనింకా క్షమించలేదత్తయ్యా. క్షమిస్తే అప్పుడు నేనే చెబుతా. అది మీరు నా తరఫున రాయకండి. ఇంకోసారి నా దిక్కు మీరు చెప్పొద్దు."

పెన్సిల్ నా చేతికిచ్చింది. కొట్టేశాను. నీకు పైన ఎక్కడో నల్లగా గీకేసి కనబడితే, అదే అది.

ఇప్పుడు ఆమె బూట్లు వేసుకుంటోంది. ఓడ దాకా తనే తీసుకెళ్తానంది, పోస్టులో వేస్తే అందదేమోనని. ఆపిల్ పెట్టె కారులో పెట్టేసింది. కీస్ చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి, "త్వరగా సంతకం పెట్టండి అత్తయ్యా, ఓడ మనకోసం ఆగదు" అంటోంది.

"నేనూ రానా?" అని అడిగాను.

కీస్ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "రండి. కానీ దారి నేను చెప్తా" అంది.

వెళ్తున్నాను.

ఇట్లు,
నీకు తప్పు దిక్కు చూపిన
అమ్మ.